అడవి టర్కీ వేటలో దీమపు బొమ్మ: ఎంపిక, అమరిక, హద్దులు

పాత తెలుగు నిఘంటువులు తిరగవేస్తే 'దీమము' అన్న మాట కనిపిస్తుంది. మచ్చిక చేసిన జంతువునో పక్షినో కనబడేటట్లు నిలిపి, దానిని చూచి దగ్గరకు వచ్చిన అడవి ప్రాణిని పట్టడమే దీమపు వేట. పంజరంలోని కౌజు పిట్ట కూస్తే, ఆ కూతకు రోషం తెచ్చుకొని పొదల్లోని కౌజు పరుగున వచ్చి ఉచ్చులో పడటం మన సరిహద్దు పల్లెల్లోని పెద్దలు చాలామంది విని ఉన్న సంగతే. నేడు మన దేశంలో ఆ వేట నేరం. ఆ విషయం ఈ వ్యాసం చివర వివరంగా ఉన్నది.

అయితే అదే సూత్రం అమెరికాలో చట్టానికి లోబడి, ప్రాణం లేని బొమ్మలతో, ప్రతి వసంతంలోనూ సాగుతున్నది. అక్కడ రప్పించేది అడవి టర్కీ కోడిని. మన పల్లెల నుండి అమెరికా చేరిన పిల్లలు ఉన్న ఇళ్ళు ఇప్పుడు అరుదు కాదు. వారిలో కొందరు సహోద్యోగులతో కలిసి వేటకు వెళుతుంటారు. మరికొందరు సెలవు దినాల్లో అడవి బాటల్లో నడకకు వెళుతుంటారు. ఇద్దరికీ ఈ బొమ్మ సంగతి తెలియడం అవసరం. ఎందుకంటే మంచి దీమపు బొమ్మ పక్షిని ఎంత చక్కగా నమ్మిస్తుందో, తుపాకి పట్టిన మరో మనిషిని కూడా అంత చక్కగానూ నమ్మిస్తుంది.

పక్షి పరిచయం

టర్కీ అన్న పేరు ఒక దేశాన్ని గుర్తుకు తెచ్చినా ఈ పక్షి పుట్టిల్లు ఉత్తర అమెరికా. మెక్సికోలో మచ్చిక అయిన ఈ జాతిని స్పెయిన్ వారు 16వ శతాబ్దిలో ఐరోపాకు తీసుకువెళ్ళారు. మన దేశానికీ అది సముద్రం మీదనే వచ్చింది. 1612లో గోవా నుండి జహంగీరు చక్రవర్తి కొలువుకు చేరిన టర్కీ కోడిని ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చిత్రించాడు. ఆ చిత్రం నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది. తెలుగులో సీమకోడి అని, తమిళ సీమలో వాన్‌కోళి అని పిలిచేది ఈ పెంపుడు జాతినే.

అడవి టర్కీ స్వభావం వేరు. పెంపుడు టర్కీ బరువెక్కి ఎగరలేని స్థితికి వచ్చింది గాని, అడవి టర్కీ రివ్వున ఎగురుతుంది, గుర్రంలా పరుగెత్తుతుంది, రాత్రి ఎత్తయిన చెట్ల కొమ్మలపై నిద్రిస్తుంది. పుంజు రొమ్ము మీద వెంట్రుకల కుచ్చు వ్రేలాడుతుంది, కాళ్ళకు ముళ్ళుంటాయి. ఈకలు లేని తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల మధ్య మారుతూ ఉంటుంది. ఏడాది వయసు పుంజును అక్కడ 'జేక్' అంటారు. దాని కుచ్చు పొట్టిది. పురి విప్పినప్పుడు ముదురు పుంజు తోక ఈకలు అంచున సమంగా ఉంటే, జేక్ తోకలో నడిమి ఈకలు మిగిలిన వాటికంటె పొడవుగా నిలుస్తాయి. బొమ్మల ఎంపికలో ఈ తేడా ముఖ్యం.

అడవులు నరికివేయడం వల్ల, మాంసం వ్యాపారుల వేట వల్ల 20వ శతాబ్ది ఆరంభం నాటికి ఈ పక్షి ఎన్నో రాష్ట్రాలలో కనుమరుగైంది. తుపాకులు, తూటాల మీద వసూలు చేసే పన్నును వన్యప్రాణుల పునరుద్ధరణకు కేటాయిస్తూ 1937లో చేసిన చట్టం దశ తిప్పింది. 1950ల నుండి ఫిరంగి వలలతో పక్షులను సజీవంగా పట్టి, లేని చోట్ల విడిచిపెట్టారు. నేడు అలాస్కా మినహా 49 రాష్ట్రాలలో అడవి టర్కీ ఉన్నది. వేటకు పరిమితులు ఎందుకో ఈ చరిత్రే చెబుతుంది.

బొమ్మ ఎందుకు పనిచేస్తుంది?

వసంతం టర్కీలు జతకట్టే కాలం. తెల్లవారుజామున పుంజు చెట్టు మీది నుండే కూస్తుంది. తెల్లవారగానే నేలకు దిగి, నెమలి వలె పురి విప్పి, రెక్కలు నేలకు రాస్తూ తిరుగుతుంది. ఆ కూత విని పెట్టలు దాని దగ్గరకు వెళతాయి. ఇది ప్రకృతి నియమం.

వేటగాడు చేసేది ఈ నియమాన్ని తలక్రిందులు చేయడం. మాటున కూర్చుని, చెక్క పెట్టెతోనో నోటిలో పెట్టుకునే చిన్న పొరతోనో పెట్ట వలె పిలుస్తాడు. పుంజే తన వద్దకు రావాలని ఆశిస్తాడు. పుంజు కొంత దూరం వస్తుంది. తరువాత ఆగిపోతుంది. పిలిచిన పెట్ట కంటబడాలి కదా, అది మిగిలిన దూరం నడిచి రావాలి కదా అని దాని లెక్క. తుపాకి అందని దూరంలో గంటసేపు పురి విప్పి తిరిగి, పెట్ట రాకపోయేసరికి వెనుదిరిగే పుంజులు ఎన్నో.

దీమపు బొమ్మ అక్కరకు వచ్చేది ఈ ఘట్టంలోనే. చెవి విన్నదానికి కన్ను సాక్ష్యం కోరుతుంది; బొమ్మ ఆ సాక్ష్యాన్ని ఇస్తుంది. పైగా పుంజు చూపు బొమ్మ మీద నిలిచినంతసేపూ మాటునున్న మనిషి మీద పడదు. టర్కీ కళ్ళు తలకు రెండు ప్రక్కలా ఉండటం వల్ల అది తల త్రిప్పకుండానే తన చుట్టూ చాలా భాగాన్ని చూడగలదు. చిన్న కదలికను కూడా పసిగట్టే అటువంటి పక్షి దృష్టిని మరల్చడం వేటగాడికి పెద్ద మేలు.

బొమ్మల వేట ఆధునికుల కల్పన కాదు. నెవాడా రాష్ట్రంలోని లవ్‌లాక్ గుహలో 1924లో జమ్ము వంటి గడ్డితో అల్లిన బాతు బొమ్మలు దొరికాయి. అవి సుమారు 2,000 ఏళ్ళ నాటివి. ఆ నేల మీది ఆదివాసులు అంత పూర్వమే ఈ విద్యలో ఆరితేరారు. తరువాతి కాలంలో నీటి పక్షుల వేటకు బతికున్న బాతులను కట్టివేసి వాడే అలవాటు ప్రబలగా, 1935లో అమెరికా కేంద్ర ప్రభుత్వం దానిని నిషేధించింది.

ఏ బొమ్మను ఎంచుకోవాలి?

బొమ్మలు ప్రధానంగా మూడు రకాలు: పెట్ట, జేక్, పురి విప్పిన ముదురు పుంజు. ఒక్కొక్కటి పుంజు మనసులో ఒక్కొక్క భావాన్ని కదిలిస్తుంది.

పెట్ట బొమ్మ అన్నిటిలోకి నిరపాయమైనది. ఏ వయసు పుంజునూ అది బెదరగొట్టదు. సీజను మొదట్లో పెట్టలు గుంపులుగా తిరుగుతాయి కనుక రెండు మూడు పెట్ట బొమ్మలు సహజంగా కనిపిస్తాయి. సీజను చివరికి వచ్చేసరికి చాలా పెట్టలు గూళ్ళలో పొదుగుతూ ఉంటాయి. టర్కీ పెట్ట సుమారు 10 నుండి 12 గుడ్లు పెట్టి 28 రోజులు పొదుగుతుంది. ఆ రోజుల్లో ఒంటరి పెట్ట బొమ్మ ఒక్కటే చాలు. కొత్తగా వేట నేర్చుకునేవారు మొదట కొనదగినది ఇదే.

జేక్ బొమ్మ అసూయను రేపుతుంది. కోడిపందెం చూచినవారికి పుంజు రోషాన్ని గురించి చెప్పనవసరం లేదు. ఒక కుర్ర పుంజు పెట్ట ప్రక్కన నిలబడి ఉండటాన్ని ముదురు పుంజు సహించలేదు. తరిమివేయడానికి నేరుగా వస్తుంది. నేల మీద వాలిన పెట్ట బొమ్మ, దాని వెనుక జేక్ బొమ్మ ఉన్న జంట మరింత ప్రభావం చూపుతుంది. జేక్ ప్రత్యర్థే గాని బలవంతుడు కాడు. అందువల్ల ఓడిపోతానేమోనన్న భయం ముదురు పుంజుకు ఉండదు.

పురి విప్పిన ముదురు పుంజు బొమ్మ రెండంచుల కత్తి వంటిది. ఆ చుట్టుప్రక్కల పెత్తనం చేసే పుంజు దానిని చూస్తే మీదికి దూకుతుంది. కాని అంతకుముందు దెబ్బలు తిని ఉన్న రెండవ శ్రేణి పుంజులు దానిని చూడగానే జారుకుంటాయి. ఆ ప్రాంతపు పక్షుల తీరు ముందే గమనించినవారు తప్ప ఇతరులు దీనిని వాడకపోవడం మంచిది. మనిషికి ప్రమాదం ఎక్కువగా తెచ్చేది కూడా ఈ బొమ్మే.

రకం తరువాత చూడవలసినది భంగిమ. మెడ నిక్కించి, తల పైకెత్తి నిలిచిన పెట్ట అపాయాన్ని పసిగట్టిన పెట్ట. అటువంటి బొమ్మ 'రావద్దు' అని చెబుతుంది. తల వంచి మేస్తున్నట్లో, మెడ సడలించి నిలిచినట్లో ఉన్న బొమ్మ 'ఇక్కడ భయం లేదు' అని చెబుతుంది.

పదార్థం, రంగు, కదలిక

మెత్తని నురుగు పదార్థంతో చేసిన బొమ్మలు చవక. మడిచి సంచిలో వేసుకోవచ్చు. అయితే మడతలు పడతాయి, చిన్న గాలికే గిర్రున తిరుగుతాయి. బొమ్మ కింద గుచ్చే పుల్లకు రెండు ప్రక్కలా రెండు చిన్న కర్రలు నాటితే ఆ తిరుగుడు ఆగి, ప్రాణమున్న పక్షి కదిలినట్లు కొద్దిగా మాత్రమే కదులుతుంది. గాలి నింపే బొమ్మలు తేలిక, రూపం కూడా బాగుంటుంది. ముల్లు గుచ్చుకుంటే పనికిరావు. గట్టి ప్లాస్టిక్ బొమ్మలు మన్నిక గలవి, సహజమైనవి. మోత ఎక్కువ, ధర ఎక్కువ. నిజమైన ఈకలు అతికినవి అన్నిటికంటె సహజంగా ఉంటాయి గాని వానకు తడిస్తే పాడవుతాయి.

ధర కంటె ముఖ్యమైనది మెరుపు లేకపోవడం. ఉదయపు ఎండలో తళతళలాడే ప్లాస్టిక్ వీపు ఎంత దూరం నుండైనా అసహజంగా కనిపిస్తుంది. టర్కీకి రంగులు చక్కగా తెలుస్తాయి. పగటి పూట దాని చూపు మనిషి చూపు కంటె చురుకైనది. జేక్, పుంజు బొమ్మల తల రంగులు వెలిసిపోకుండా చూసుకోవాలి. పెట్ట తల మాత్రం నీలం కలిసిన బూడిద వన్నెలో ఉండాలి.

అమరిక

వేటగాడు తెల్లవారకముందే స్థలానికి చేరి బొమ్మ నిలపాలి. పక్షులు నిద్రించే చెట్లకు మరీ దగ్గరగా వెళితే అవి కొమ్మల మీది నుండే అంతా చూస్తాయి. పొలం అంచు, పచ్చిక బయలు, పాత బండ్ల బాట వంటి చోట్లు అనుకూలం. పుంజు దూరం నుండే బొమ్మను చూడగలగాలి. దట్టమైన పొదల మధ్య మలుపు తిరగగానే బొమ్మ ఎదురైతే అది ఉలిక్కిపడుతుంది.

దూరం విషయంలో అనుభవజ్ఞుల లెక్క తేలికైనదే. కూర్చున్న చోటికి 15 నుండి 20 గజాల దూరంలో బొమ్మ ఉండాలి. టర్కీ వేటలో వాడే షాట్‌గన్‌కు సుమారు 40 గజాల దూరాన్ని సంప్రదాయికంగా హద్దుగా భావిస్తారు. పుంజు బొమ్మకు పది పదిహేను గజాల అవతలే ఆగినా ఆ హద్దు దాటదు. విల్లుతో వేటాడేవారు పది గజాల లోపే నిలుపుతారు.

బొమ్మ ముఖం ఎటు ఉండాలన్నది మరొక మెలకువ. పుంజు తన ప్రత్యర్థిని ముఖాముఖి ఎదుర్కొంటుంది. కనుక జేక్ బొమ్మ ముఖాన్ని వేటగాడి వైపు త్రిప్పి నిలపాలి. వచ్చిన పుంజు చుట్టు తిరిగి బొమ్మకు ఎదురుగా నిలిచినప్పుడు దాని వీపు వేటగాడి వైపు ఉంటుంది. విప్పిన పురి దాని కళ్ళకు తెరగా మారుతుంది. తుపాకి సర్దుకోవడానికి ఆ క్షణమే అనువు. పెట్ట బొమ్మను ప్రక్కకు తిరిగినట్లు నిలిపితే చాలు.

వసంతంలో సాధారణంగా పుంజును మాత్రమే కొట్టడానికి అనుమతి ఉంటుంది. ఒక పుంజు అనేక పెట్టలతో జతకడుతుంది కనుక కొన్ని పుంజులు తగ్గినా గూళ్ళు తగ్గవు. పొదిగే పెట్ట పోతే ఆ ఏటి పిల్లలన్నీ పోయినట్లే. బొమ్మ దగ్గరకు వచ్చినది పుంజో పెట్టో స్పష్టంగా తెలియకముందు వేలు గుర్రం మీదకు పోరాదు.

బొమ్మ వాడకపోవడమే మేలైన సందర్భాలూ ఉన్నాయి. దట్టమైన అడవిలో పెట్ట కోసం వెదుక్కుంటూ పుంజు దగ్గరదాకా వచ్చేస్తుంది; అక్కడ బొమ్మ అనవసరం. వేటగాళ్ళ తాకిడి ఎక్కువగా ఉన్న ప్రభుత్వ భూముల్లో సీజను చివరకు మిగిలిన పుంజులు బొమ్మలను అనుమానించడం నేర్చుకుంటాయి. అక్కడ మెల్లని పిలుపు, సహనం బొమ్మ కంటె బాగా పనిచేస్తాయి.

మనిషిని మోసగించకుండా

పొదల సందున ఎరుపు, తెలుపు, నీలం రంగుల తల ఒకటి కదిలింది. తెల్లవారే వెలుగు ఇంకా మసకగా ఉన్నది. అటువంటి వేళ తొందరపడిన మరో వేటగాడికి అది బొమ్మ అని గాని, దానిని మోసుకువెళుతున్నది మనిషి అని గాని తెలియదు. అందువల్ల వేట శిక్షణ తరగతుల్లో ఈ క్రింది నియమాలను నొక్కి చెబుతారు.

1. బొమ్మను బయట పట్టుకొని నడవరాదు. పూర్తిగా సంచిలో పెట్టి, ఆ సంచి మీద మెరిసే నారింజ రంగు గుడ్డ కట్టుకోవాలి.
2. ఒంటి మీద ఎరుపు, తెలుపు, నీలం రంగులు కనిపించరాదు. చేతి రుమాలు, మేజోళ్ళు కూడా ఇందుకు మినహాయింపు కాదు.
3. భుజాల కంటె వెడల్పయిన చెట్టు మొదలుకు ఆనుకొని కూర్చోవాలి. వెనుక నుండి వచ్చే గుండ్లకు అది అడ్డు.
4. బొమ్మకు అవతల చాలా దూరం స్పష్టంగా కనిపించే చోటే ఎంచుకోవాలి. బొమ్మ మీద ఎవరైనా కాల్చినా గుండ్లు తన మీదికి రాని వైపు కూర్చోవాలి.
5. మరో మనిషి వస్తున్నట్లు కనబడితే చేయి ఊపరాదు, లేచి నిలబడరాదు, టర్కీ వలె పిలవరాదు. కదలకుండా, బిగ్గరగా మనిషి గొంతుతో పలకాలి.
6. వినబడిన టర్కీ కూత వైపు పొంచి పొంచి వెళ్ళరాదు. ఆ కూత మరో వేటగాడిది కావచ్చు.

ఇటీవలి కాలంలో కొందరు పుంజు తోక ఈకల విసనకర్రను ముందు పట్టుకొని, దాని చాటున నేల మీద పాకుతూ పక్షిని సమీపిస్తున్నారు. ఫలితం త్వరగా వస్తుందేమో గాని, ఇందులో మనిషి తానే దీమపు బొమ్మ అవుతున్నాడు. ఎవరితో వెళ్ళినా ఈ పద్ధతికి ఒప్పుకోరాదు.

వేటతో పని లేక నడకకు వెళ్ళేవారికి కూడా ఒక మాట. మార్చి నుండి మే వరకు చాలా రాష్ట్రాలలో టర్కీ వేట సాగుతుంది. వేటకు అనుమతి ఉన్న అడవుల్లో ఉదయం పూట నడిచేటప్పుడు మెరిసే నారింజ రంగు చొక్కా ధరించాలి, మాట్లాడుకుంటూ నడవాలి. కదలక మెదలక నిలిచిన టర్కీ ఒకటి కనబడితే ఫోటో కోసం దగ్గరకు వెళ్ళరాదు. అది బొమ్మ అయితే దాని ఎదుట ఒక తుపాకి ఉంటుంది.

సరిహద్దు దాటితే చట్టం మారుతుందా?

అమెరికాలో మారుతుంది. టర్కీ వేట నియమాలు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. అలబామాలో 2022 వసంతంలో సీజను మొదటి 10 రోజులు దీమపు బొమ్మలను నిషేధించారు. ఆగ్నేయ రాష్ట్రాలలో టర్కీల సంఖ్య తగ్గుతున్నందున, బలమైన పుంజులు జతకట్టకముందే చనిపోకుండా కాపాడటం దాని ఉద్దేశం. పెన్సిల్వేనియాలో వసంతంలో పక్షిని పిలిచి రప్పించవలసిందే తప్ప పొంచి సమీపించడం నిషిద్ధం. యంత్రంతో కదిలే బొమ్మలు ఒక చోట చెల్లుతాయి, మరొక చోట చెల్లవు. కనుక ప్రతి ఏడూ ఆయా రాష్ట్రపు వేట నియమావళి చదవడం తప్పనిసరి.

మన పిల్లలు ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది మరొకటి ఉన్నది. విద్యార్థి వీసా, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకి కలిగి ఉండటాన్ని అమెరికా కేంద్ర చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నది. స్నేహితుడు సరదాగా చేతికి ఇచ్చిన తుపాకి వీసాకే ముప్పు తేవచ్చు. లైసెన్సు, శిక్షణ లేకుండా తుపాకి ముట్టరాదు.

ఇక మన దేశంలో సరిహద్దు దాటినా చట్టం మారదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కర్ణాటక వైపు పొలానికీ, ఆంధ్ర వైపు పొలానికీ, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలకూ, యానాముకూ ఒకటే. ఆ చట్టం దృష్టిలో వేట అంటే చంపడం మాత్రమే కాదు. వల పన్నడం, ఉచ్చు వేయడం, తరమడం, ఎర చూపడం కూడా వేటే. కౌజును పంజరంలో పెట్టి మరో కౌజును పిలిపించడం ఇందులోకే వస్తుంది. 2022 నాటి సవరణ తరువాత సాధారణ ఉల్లంఘనకు మూడేళ్ళ వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. పెరట్లో పెంచుకునే సీమకోడికి ఈ చట్టంతో పని లేదు.

దీమపు వేట నిజానికి పక్షి స్వభావాన్ని ఎరిగినవారి విద్య. ఏ కాలంలో ఏ పక్షి ఎవరిని వెదుకుతుంది, దేనికి రోషపడుతుంది, దేనికి బెదురుతుంది అన్నది తెలియనివాడికి ఎంత ఖరీదైన బొమ్మ అయినా ఉపయోగపడదు. మన పెద్దలకు కౌజుల గురించి ఆ జ్ఞానం పుష్కలంగా ఉండేది. పక్షిని పట్టడం ఆపివేసినా ఆ జ్ఞానాన్ని ఆపివేయనక్కరలేదు. పొలం గట్టు మీద ఏ పిట్ట ఎప్పుడు ఎందుకు కూస్తుందో పిల్లలకు చెప్పడానికి ఏ లైసెన్సూ అవసరం లేదు. అమెరికాలో ఉన్న పిల్లలకు మాత్రం అదనంగా రెండు మాటలు చెప్పవలసి ఉన్నది: ముందు నియమావళి చదవండి, బొమ్మను సంచిలో మోయండి.